వార్ధక్యమున వైద్యవ్యయము: అదనపు ఆరోగ్యబీమాను ఎంచుకొను విధము



ఉద్యోగికి పదవీ విరమణ దినము ముందుగనే తెలియును. రైతునకు అట్టి దినము లేదు. మోకాళ్లు మొరాయించిననాడు, కన్ను మసకబారిననాడు, కుమారుడు "ఇక నీవు పొలమునకు రావలదు నాయనా" అని చెప్పిననాడు మన విరమణ ప్రారంభమగును. ఆనాటి నుండి చేతికి వచ్చు సొమ్ము తగ్గును. ఆసుపత్రికి పోయెడు సొమ్ము పెరుగును. ఈ రెంటి నడుమ నలిగిపోవునది సాధారణముగా భూమియే.

మా సంఘ సభ్యులలో ఒక పెద్దాయనకు 66వ యేట గుండెజబ్బు వచ్చెను. ఆయనకు ప్రభుత్వ ఆరోగ్య కార్డు కలదు. కాని ఆ రాత్రి ఇంటివారు తీసికొనిపోయిన ఆసుపత్రి పథకపు జాబితాలో లేదు. సొంత బీమా పాలసీయు కలదు. దానిని 14 నెలల క్రిందట మా సంఘ కార్యాలయపు అరుగు మీదనే కూర్చుండి తీసికొనెను. ఆయనకు తొమ్మిదేండ్లుగా మధుమేహము కలదు. ఆ సంగతి వ్రాసినచో ప్రీమియము పెరుగునని పాలసీ తెచ్చినవాడు చెప్పగా, దరఖాస్తులో "లేదు" అని వ్రాయబడెను. ఆసుపత్రి పత్రములలో వ్యాధి సంగతి బయటపడినంతనే కంపెనీ క్లెయిమును త్రోసిపుచ్చెను. చెఱువు క్రింది అరయెకరము మాగాణి అమ్ముడుపోయెను. నాడు మేము ప్రక్కనే యుంటిమి. పంట ఋణమిచ్చునపుడు అడంగలులోని ప్రతి గడిని చూచు మేము ఆ దరఖాస్తును ఒక్కసారియైనను చదివి చూడలేదు. ఆ లోపమే ఈ పాఠమునకు కారణము.

కార్డు ఉండియు, పాలసీ ఉండియు, రైతు ఏల భూమి నమ్ముకొనవలసి వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నచో అదనపు బీమాను ఎట్లు ఎంచుకొనవలయునో దానంతటదియే బోధపడును.

1. మొదట చేతనున్నదానిని లెక్కించుట

కొత్త యెరువు కొనుటకు ముందు నేలలో ఏమి కలదో పరీక్షింతుము. బీమా విషయమునను అట్లే చేయవలయును.

కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరు 23వ తేదీన ప్రారంభమయ్యెను. అర్హత గల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వఱకు ఆసుపత్రిలో చేరి పొందు చికిత్స దీనిచే లభించును. 2024 అక్టోబరు 29వ తేదీ నుండి 70 ఏండ్లు నిండిన వారందఱికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇచ్చుట మొదలయ్యెను. కుటుంబమునకు అంతకు ముందే ఆయుష్మాన్ కార్డు ఉన్నను, ఇంటిలోని 70 ఏండ్ల పెద్దలకు ఇది వేఱుగ 5 లక్షల రక్షణ నిచ్చును. చిన్నవారు దీనిని వాడుకొనజాలరు. ప్రైవేటు బీమా కలవారు సైతము ఈ కార్డు పొందవచ్చును. మాజీ సైనికుల వైద్యపథకము వంటి ప్రభుత్వ పథకములలో నున్నవారు మాత్రము రెంటిలో నొకదానిని ఎంచుకొనవలయును.

ఈ కార్డునకు రెండు గుణములు కలవు. ప్రీమియము లేదు, పాతవ్యాధులకు నిరీక్షణ కాలము లేదు, అనగా మొదటి దినము నుండియే అవియు చికిత్స పొందును. ఏ ప్రైవేటు పాలసీయు 70వ యేట ఇంత సులభముగ దొరకదు. కావున 70 నిండినవారు మఱి దేనిని గూర్చియు ఆలోచింపక మునుపే దీనిని పొందవలయును. వయస్సునకు ఆధార్ కార్డే ప్రమాణము. మన పెద్దలలో పలువురి వయస్సు ఆధారులో ఉజ్జాయింపుగ వ్రాయబడినది. తప్పున్నచో తగిన ఆధారములతో నేడే సరిచేయించుకొనవలెను. జబ్బుపడిననాడు అది సాధ్యము కాదు.

రాష్ట్ర పథకముల సంగతి చూతము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007వ సంవత్సరమున ఆరోగ్యశ్రీ ప్రారంభమయ్యెను. తెలంగాణమున దాని పరిమితి 2023 డిసెంబరునందు 5 లక్షల నుండి 10 లక్షలకు పెంపబడెను. ఆంధ్రప్రదేశమున అదే నెలలో 25 లక్షలకు పెంపబడెను. 2024లో అచటి పథకము డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేరు పొందెను. ఈ పథకముల పేర్లును, నిబంధనలును ప్రభుత్వములతో పాటు మారుచుండును. కావున తమ కార్డు నేడు చెల్లునా, ఇంటిలోని అందఱి పేర్లును దానిలో నున్నవా యను సంగతిని ఏడాదికొకసారి పథకపు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర లేక వైద్యమిత్రను అడిగి తెలిసికొనవలయును.

2. కార్డు విడిచిపెట్టు లోటు

25 లక్షలని వినగానే ఇక చింత లేదని తోచును. కాని కాలువలో నీరెంత పాఱుచున్నను మన పొలమునకు తూము లేనిదే మడి తడవదు. కార్డు పనిచేయుటకు రెండు షరతులు కలవు: ఆసుపత్రి పథకపు జాబితాలో నుండవలయును, చికిత్సయు పథకము గుర్తించినదై యుండవలయును. ఈ రెంటిలో ఏ యొకటి లేకున్నను పరిమితి ఎన్ని లక్షలైనను ప్రయోజనము సున్న.

మఱియు ఆసుపత్రిలో చేరనక్కఱ లేని ఖర్చు ఒకటి కలదు. రక్తపు పోటునకు, మధుమేహమునకు ప్రతిదినము మ్రింగు మాత్రలు, వైద్యుని చూపు రుసుము, రక్త పరీక్షలు, కంటి అద్దములు, పంటి వైద్యము, పట్టణమునకు పోయివచ్చు బస్సు చార్జీలు ఇందు చేరును. ఆయుష్మాన్ పథకము ఆసుపత్రిలో చేరుటకు ముందు 3 దినముల ఖర్చును, విడుదలైన పిమ్మట 15 దినముల మందులను ఇచ్చునే గాని జీవితాంతము వాడవలసిన మందులను ఇయ్యదు.

కావున లోటు మూడు విధములు: జాబితాలో లేని ఆసుపత్రి ఖర్చు మొదటిది, జాబితా ఆసుపత్రిలో నున్నను ఇంటివారికి తప్పని భోజన ప్రయాణాది వ్యయము, పోయిన కూలి రెండవది, నెలనెలా కొను మందులు మూడవది. ఒక్కొక్క లోటునకు ఒక్కొక్క మందు కలదు. ఒకదాని మందును మఱొకదానికి వాడరాదు.

3. అదనపు బీమా రకములు

సాధారణ పాలసీ: ఆసుపత్రి బిల్లును మొదటి రూపాయి నుండి, షరతులకు లోబడి, పాలసీ మొత్తము వఱకు చెల్లించును. ఇది మూల పాలసీ. వయస్సు మీఱినకొలది దీని ప్రీమియము బరువగును.

టాపప్ మఱియు సూపర్ టాపప్: ఇవి కొంత మొత్తమును దాటిన ఖర్చును మాత్రమే చెల్లించును. ఆ మొత్తమును డిడక్టిబుల్ అందురు. అనగా కంపెనీ చేయి వేయుటకు ముందు మనము, లేక మన మఱొక పాలసీ, భరించు భాగము. కంపెనీకి భారము తక్కువ కావున ప్రీమియమును తక్కువగ నుండును.

ఈ రెంటికి గల భేదము ముఖ్యమైనది. ఒక యేట ఒకరికి రెండుసార్లు జబ్బు చేసి మొదట 3 లక్షలు, తరువాత 4 లక్షలు ఖర్చయ్యెననుకొందము. డిడక్టిబుల్ 3 లక్షలు. టాపప్ పాలసీ ప్రతి బిల్లును వేఱువేఱుగ కొలుచును: మొదటి బిల్లునకు ఏమియు రాదు, రెండవదానికి 1 లక్ష వచ్చును. సూపర్ టాపప్ సంవత్సరపు ఖర్చును కూడి కొలుచును: 7 లక్షలలో 3 లక్షలు పోగా 4 లక్షలు వచ్చును. వృద్ధాప్యమున ఒకే యేట పలుమారులు ఆసుపత్రి పాలగుట సహజము కావున మనకు తగినది సూపర్ టాపప్.

దినభత్యపు పాలసీ: ఆసుపత్రిలో చేరిన దినమునకు ఇంత యని నిర్ణీతమైన సొమ్మును ఇచ్చును. బిల్లు ఎంత యనుదానితో దీనికి పనిలేదు. చికిత్స కార్డు మీద ఉచితముగ జరిగినను ఈ భత్యము ఇంటివారి భోజనమునకు, ప్రయాణమునకు, పోయిన కూలికి అక్కఱకు వచ్చును. ఏ ఆసుపత్రులలో చేరిన వర్తించునో, ఎన్నవ దినము నుండి ఇత్తురో వ్రాతమూలముగ అడిగి తెలిసికొనవలయును. రెండవ లోటునకు తగిన మందు ఇదియే.

మూడవ లోటైన నెలవారి మందులకు బీమాను వెదకుట కంటె ఖర్చును తగ్గించుకొనుట మేలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో రక్తపు పోటు, మధుమేహములకు పరీక్షలును మందులును ఉచితముగ లభించును. జన ఔషధి కేంద్రములలో అదే ఔషధము కంపెనీ పేరు లేకుండ చాల తక్కువ ధరకు దొరకును.

4. పలువురు పడుచున్న పొరపాటు

ఈ పాఠమున ఒక్కదానినే జ్ఞాపకముంచుకొనదలచినచో దీనిని ఉంచుకొనుడు.

"మీకు 5 లక్షల కార్డు ఎటులను కలదు. దానిపై 5 లక్షల డిడక్టిబులుతో సూపర్ టాపప్ తీసికొనుడు. స్వల్ప ప్రీమియముతో పెద్ద రక్షణ" అని చెప్పువారు కలరు. వినుటకు ఇది చక్కగ నుండును. మొదటి 5 లక్షలు కార్డు భరించును, పైది పాలసీ భరించునని రైతు నమ్మును. కాని ఈ రెండును ఒక కాలువ మీది రెండు లాకులు కావు, వేఱువేఱు కాలువలు. కార్డు మీద చేరినప్పుడు ఆసుపత్రి పథకపు నిర్ణీత రేటునకే చికిత్స చేయును. ప్రైవేటు పాలసీ మీద చేరినప్పుడు ఆసుపత్రి తన బిల్లును వేయును. ఒకే చికిత్సలో కొంత కార్డు మీద, కొంత పాలసీ మీద జరుపుట సాధారణముగ కుదరదు.

జాబితాలో లేని ఆసుపత్రిలో 4 లక్షల బిల్లు అయ్యెననుకొందము. అచట కార్డు చెల్లదు. బిల్లు 5 లక్షలు దాటలేదు కావున సూపర్ టాపప్ పలుకదు. రెండు గొడుగులుండియు రైతు నిలువునా తడియును. 4 లక్షలును అతడే కట్టవలయును.

కావున డిడక్టిబులును కార్డు మొత్తమునకు సరిపెట్టరాదు. ఆ మొత్తమును నిజముగ ఎవరు చెల్లింతురో చూచి నిర్ణయింపవలయును. మూల పాలసీ 3 లక్షలున్నచో డిడక్టిబుల్ 3 లక్షలు. మూల పాలసీ లేక, అక్కఱపడిన దినముననే తీయదగిన సొమ్ము 1 లక్ష మాత్రమే యున్నచో, అంతకు మించిన డిడక్టిబుల్ మనకు తగదు. కుమారుని ఉద్యోగపు కంపెనీ తల్లిదండ్రులకును బీమా ఇచ్చుచున్నచో దానిని మూలముగ పెట్టుకొనవచ్చును. కాని కుమారుడు ఆ ఉద్యోగమును విడిచిననాడు ఆ రక్షణ సాధారణముగ పోవును. అప్పుడు మొదటి భాగమును భరించుటకు వేఱొక దారి ఉండవలయును.

5. పాలసీ పత్రమును చదువు విధము

ప్రతి పాలసీకి వినియోగదారుల సమాచార పత్రమను చిన్న కాగితమును కంపెనీ ఇయ్యవలయును. కోరినచో తెలుగులో ఇయ్యవలయును. దానిని ముందు పెట్టుకొని ఈ క్రింది సంగతులను వెదకుడు.

నిరీక్షణ కాలము: పాలసీ తీసికొన్న మొదటి 30 దినములు ప్రమాదములకు తప్ప ఇతర జబ్బులకు చెల్లింపు ఉండదు. కంటి శుక్లము, వరిబీజము వంటి కొన్నింటికి సాధారణముగ 24 నెలలు ఆగవలయును. పాతవ్యాధులకు గరిష్ఠముగ 36 నెలలు. 2024 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము ఇది 48 నెలలుగ నుండెను. దప్పిక యైనప్పుడు బావి త్రవ్వరాదను సామెత ఇచట అక్షరాల వర్తించును.

సహచెల్లింపు: ప్రతి బిల్లులోను మనము భరింపవలసిన పాలు. వృద్ధుల పాలసీలలో ఇది తఱచుగ కానవచ్చును. 20 శాతము సహచెల్లింపు గల పాలసీపై 3 లక్షల బిల్లు వచ్చిన 60,000 రూపాయలు మన చేతి నుండియే పోవును. ప్రీమియము తక్కువయని సంతోషించునపుడు ఈ అంకెను ప్రక్కన వ్రాసి చూడవలయును.

గది అద్దె పరిమితి: ఇది చాలమందిని ముంచునది. పాలసీ దినమునకు 5,000 రూపాయల గదిని అనుమతించుచుండగా మనము 10,000 రూపాయల గదిలో చేరితిమనుకొందము. అద్దెలో సగమే కాక, గది తరగతిని బట్టి మారు శస్త్రవైద్యుని రుసుము, నర్సుల రుసుము, ఆపరేషను గది రుసుము మొదలగువానిలోను సగమే చెల్లింతురు. అవి 1 లక్ష యైనచో 50,000 మనపై పడును. మందులు, శరీరమున అమర్చు పరికరములు, పరీక్షల ఖర్చులకు ఈ కోత లేదు. కావున చేరునపుడే "మా పాలసీ అనుమతించు గది ఇండు" అని అడుగవలయును.

పోల్చుటకు ఒక కొలబద్ద కావలయునన్నచో ఆరోగ్య సంజీవని పాలసీని చూడుడు. 2020 ఏప్రిల్ నుండి ఆరోగ్యబీమా కంపెనీలన్నియు దీనిని ఒకే పేరుతో, ఒకే షరతులతో ఇయ్యవలసి యున్నది. సహచెల్లింపు 5 శాతము. గది అద్దె పాలసీ మొత్తములో 2 శాతము, 5,000 రూపాయలకు మించకుండ. కంటి శుక్లమునకు ఒక్కొక్క కంటికి పాలసీ మొత్తములో 25 శాతము లేక 40,000 రూపాయలు, ఏది తక్కువయో అది. షరతులొక్కటే కావున కంపెనీల ప్రీమియములను, సేవను సులభముగ పోల్చవచ్చును. ఇతర పాలసీ యేదైన మేలని ఎవరైన చెప్పినచో, దీనికంటె ఎందు మేలో చూపుమని అడుగవచ్చును.

పత్రము చేతికి వచ్చిన పిమ్మట 30 దినములలోగా నచ్చకున్న త్రిప్పి పంపవచ్చును. కొన్ని తగ్గింపులు పోను ప్రీమియము తిరిగి వచ్చును. ఆ 30 దినములును పెట్టెలో దాచుటకు కాదు, చదువుటకు.

6. నిజము చెప్పుట

2024 ఏప్రిల్ నుండి బీమా నియంత్రణ సంస్థ వయోపరిమితిని తీసివేసెను. 65 దాటినవారికిని కంపెనీలు పాలసీలు రూపొందింపవచ్చును. అయినను, మనకున్న జబ్బును బట్టి ఒక కంపెనీ ప్రీమియము పెంచవచ్చును, నిరాకరింపనువచ్చును. ఈ భయముచే జబ్బును దాచుట మా సభ్యుడు చేసిన తప్పు. దాచిన జబ్బు ప్రీమియము కట్టునపుడు కనబడదు. క్లెయిము వేయునపుడు కనబడును. నిజము చెప్పినవాడు గరిష్ఠముగ 36 నెలలు వేచిన పిమ్మట ఆ జబ్బునకే చికిత్స పొందును. దాచినవాడు ప్రీమియములను పోగొట్టుకొని రక్షణయు పోగొట్టుకొనును.

పాలసీ తెగక 60 నెలలు జరిగిన పిమ్మట, మోసము ఋజువైనప్పుడు తప్ప, దరఖాస్తులో లోపమున్నదని క్లెయిమును కంపెనీ త్రోసిపుచ్చరాదు. ఇది పొరపాటున మరచినవారికి రక్షణయే గాని దాచుటకు అనుమతి కాదు.

తెగకుండుట యనునది గొప్ప మాట. పాలసీని గడువునకు ముందే కొనసాగింపవలయును. వార్షిక ప్రీమియమునకు 30 దినముల అనుగ్రహ కాలము కలదు. అందులో కట్టినచో వెనుకటి నెలల లెక్క పోదు, కాని కట్టుటకు ముందు ఆ దినములలో వచ్చిన జబ్బునకు రక్షణ ఉండదు. అందుచేత మా సలహా: ధాన్యము, ప్రత్తి, మిరప అమ్మిన సొమ్ము చేతికి వచ్చు నెలలోనే పాలసీని ప్రారంభింపుడు. విత్తనములకు, ఎరువులకు చేయి చాచు జూన్ నెలలో ప్రీమియపు గడువు పడినచో అది తెగుటకే దారి.

ప్రీమియపు భారమును గూర్చి రెండు సంగతులు. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్యబీమాలపై వస్తుసేవల పన్ను తీసివేయబడెను. పూర్వము 18 శాతముండెను. 2025 జనవరిలో వచ్చిన ఉత్తరువు ప్రకారము, 60 నిండినవారి పాలసీలపై ఏటికి 10 శాతమునకు మించి ప్రీమియము పెంచదలచిన కంపెనీ ముందుగ నియంత్రణ సంస్థను సంప్రదింపవలయును. కంపెనీ నచ్చనిచో కొనసాగింపు తేదీకి 45 దినముల ముందు దరఖాస్తు పెట్టి మఱొక కంపెనీకి మారవచ్చును. గడచిన నిరీక్షణ కాలము లెక్కలోనికి వచ్చును.

అన్యాయము జరిగినచో మొదట కంపెనీకే వ్రాయవలయును. తిరస్కరించినను, నెలలోగా బదులు రాకున్నను, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. మన రెండు రాష్ట్రములకును ఆ కార్యాలయము హైదరాబాదున కలదు. రుసుము లేదు, వకీలు అక్కఱ లేదు.

7. ఎవరికి ఏది తగును

70 నిండినవారు: వయ వందన కార్డు మొదట. ఇంటికి దగ్గఱగా నున్న జాబితా ఆసుపత్రుల పేర్లను, గుండెకు ఏది, ఎముకలకు ఏది యని కాగితముపై వ్రాసి గోడకు అంటింపుడు. ఆపత్కాలమున ఎచటికి పోవలయునో ఆ రాత్రి ఆలోచింపరాదు. ప్రీమియము మోయలేనిదైనచో ప్రైవేటు పాలసీకై అప్పు చేయవలదు. ఆ సొమ్మును ఆరోగ్యనిధిగ దాచుకొనుట మేలు.

60 నుండి 70 వఱకు: రాష్ట్ర కార్డు కలవారు శక్తికొలది 3 లేక 5 లక్షల మూల పాలసీని, దానికి సరిపడు డిడక్టిబులుతో సూపర్ టాపప్‌ను తీసికొనవచ్చును. రెండును భరింపలేనిచో మూల పాలసీయే ముందు. కార్డు లేనివారికి ఇది మఱింత అవసరము.

45 నుండి 60 వఱకు: మీకే ఈ పాఠము ముఖ్యము. నేడు ప్రీమియము తక్కువ, జబ్బులు తక్కువ, నిరీక్షణ కాలము మీరు దున్నుచుండగనే గడచిపోవును. దంపతులిరువురి పేర్లను చేర్చుడు. ఇంటి ఆడువారిని చివర చేర్చుదమను ఆలోచన మంచిది కాదు. జబ్బు ఆ వరుసను పాటింపదు.

8. సంఘము చేయదగిన పని

పొరుగున నున్న కర్ణాటకమున 2003వ సంవత్సరమున యశస్విని యను పథకము సహకార సంఘ సభ్యులైన రైతుల కొఱకు నడువనారంభించెను. నెలకు 5 రూపాయల చందాతో శస్త్రచికిత్సల భారమును రైతులు కలిసి పంచుకొనిరి. 2018లో అది ప్రభుత్వపు సాధారణ పథకమున విలీనమై, 2022లో మఱల వేఱుగ ప్రారంభింపబడెను. ఒక్కొక్కని చేతిలో చిన్నదైన సొమ్ము పదిమంది చేరినప్పుడు బలమగునని మన సహకార సూత్రము చెప్పుచునే యున్నది.

మన సంఘము బీమా కంపెనీ కాదు. కాని మూడు పనులు చేయవచ్చును. దరఖాస్తుపై సంతకము చేయక మునుపు చదువు వచ్చినవారు ఇరువురు దానిని సభ్యునకు బిగ్గరగ చదివి వినిపింపవచ్చును. పాలసీల కొనసాగింపు తేదీలను ఒక రిజిస్టరులో వ్రాసి నెల ముందుగ జ్ఞాపకము చేయవచ్చును. 2023లో కేంద్ర ప్రభుత్వము ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు జన ఔషధి కేంద్రములు తెఱచు అవకాశము కల్పించినది. మన సంఘమున అది సాధ్యమా యని సర్వసభ్య సమావేశమున ఆలోచింపవచ్చును. మా మట్టునకు మేము మొదటి రెండు పనులను ఈ నెల నుండియే మొదలుపెట్టితిమి. సంతకమునకు ముందు కాగితమును తెచ్చిన ఏ సభ్యుని గాని చదువకుండ త్రిప్పి పంపము.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన యింటిలో 70 నిండినవారెందఱు? వారి ఆధారులో వయస్సు సరిగ నున్నదా?

2. మన మండలమునకు దగ్గఱ నున్న జాబితా ఆసుపత్రులెవ్వి? గుండెకు, ఎముకలకు, మూత్రపిండములకు చికిత్స ఎచట కలదు?

3. రేపు జాబితాలో లేని ఆసుపత్రిలో 4 లక్షల బిల్లు వచ్చినచో, నేడున్న కార్డులు, పాలసీలు, పొదుపులలో ఏది యెంత చెల్లించును?

4. మన పాలసీ దరఖాస్తులో వ్రాసిన ఆరోగ్య సంగతులు నిజమైనవేనా? తప్పున్నచో కంపెనీకి నేడే వ్రాసి సరిచేయించుకొనుటకు అడ్డమేమి?

మూడవ ప్రశ్నకు ప్రతి యింటివారును కాగితముపై అంకెలు వేసి సమాధానము వ్రాయవలెనని కోరుచున్నాము. ఆ కాగితమున "భూమి అమ్మి" యను మాట రానియింటికి బీమా సరిగ కుదిరినదని యెఱుగునది. వచ్చిన యింటివారు ఈ నెలలోనే సంఘ కార్యాలయమునకు రావలయును. కలిసి కూర్చుండి లెక్క వేయుదము.